పాద తామర: వేళ్ల సందుల్లో దురద, పొట్టు, పగుళ్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

పాద తామర అంటే ఏమిటి?

చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే ప్రోటీన్‌ను తిని బతికే ఫంగస్ పాదాలకు పట్టడమే పాద తామర. ఒంటి మీద వలయంలా వచ్చే తామర, గజ్జల్లో వచ్చే తామర, గోళ్లను పిప్పి చేసే ఫంగస్, అన్నీ ఒకే కుటుంబానికి చెందినవి. డాక్టర్లు దీన్ని టీనియా పెడిస్ అని రాస్తారు. అథ్లెట్స్ ఫుట్ అన్నా ఇదే. పేరు అలా ఉన్నా, ఆటగాళ్లకే కాదు, రోజంతా బూట్లలో ఉండే ఎవరికైనా వస్తుంది. చాలామందిలో కారణం ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అనే ఫంగస్. ఆ తర్వాత ట్రైకోఫైటాన్ ఇంటర్‌డిజిటేల్, ఎపిడెర్మోఫైటాన్ ఫ్లోకోసమ్ కనిపిస్తాయి.

ఒక్క సంగతి మొదటే తెలుసుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. ఈ ఫంగస్ ఉండేది చనిపోయిన చర్మకణాల పొరలో. అక్కడికి రక్తం చేరదు, కాబట్టి శరీర రక్షణ వ్యవస్థ దాన్ని గట్టిగా ఎదుర్కోలేదు. పైగా రూబ్రమ్ కణ గోడలోని మన్నాన్ అనే పదార్థం ఆ కాస్త ప్రతిఘటనను కూడా అణచివేస్తుంది, చర్మం పొట్టుగా రాలిపోయే వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే ఇది దానంతటదే పోవడం అరుదు. మందు వాడినా, ఫంగస్ పట్టిన పొర రాలిపోయి కింద నుంచి కొత్త చర్మం వచ్చేదాకా ఓపిక పట్టాలి.

చిటికెన వేలి పక్క సందులోనే ఎందుకు మొదలవుతుంది?

నాలుగో వేలు, చిటికెన వేలు మిగతా వాటికంటే దగ్గరగా అతుక్కుని ఉంటాయి. బూటు ముందుభాగం ఇరుకైతే ఆ రెంటినీ ఇంకా నొక్కేస్తుంది. గాలి ఆడదు, చెమట ఆరదు, చర్మం నాని తెల్లబడి మెత్తబడుతుంది. నానిన చర్మంలోకి ఫంగస్ సులువుగా దిగుతుంది. అరికాలిలో నూనె గ్రంథులు ఉండవన్నది ఇంకో కారణం. ఆ నూనెలోని కొవ్వు ఆమ్లాలకు ఫంగస్‌ను అడ్డుకునే గుణం ఉంది. ఆ రక్షణ లేని చోట కెరటిన్ మాత్రం దండిగా ఉంటుంది.

చూసి ఎలా గుర్తుపట్టాలి?

ఒకే ఫంగస్ మూడు నాలుగు రూపాల్లో కనిపిస్తుంది, గందరగోళమంతా అక్కడే.

ఎక్కువమందిలో కనిపించేది వేళ్ల సందుల రకం. సందులో తెల్లగా నానిన పొట్టు, దాన్ని తీస్తే కింద ఎర్రటి పచ్చి చర్మం, సన్నని పగులు, దురద, మంట. బూట్లు, సాక్సులు విప్పగానే దురద పెరిగిందని చాలామంది చెబుతారు.

రెండోది అరికాలి రకం. మడమ, అరికాలు, పాదం అంచులు దట్టమై, పొడిబారి, పిండి చల్లినట్టు సన్నని పొట్టు లేస్తుంది. పాదానికి తొడుగు వేసినట్టు, ఒక గీత దగ్గర ఆగిపోతుంది. దురద ఉండకపోవచ్చు. దీన్ని మామూలు పొడి చర్మం అనుకుని ఏళ్ల తరబడి మాయిశ్చరైజర్ రాస్తూ గడిపేవాళ్లు చాలామంది. అరికాలి ముడతల గీతల్లో పొట్టు తెల్లగా పేరుకుని ఉంటే, గోళ్లు కూడా పసుపు రంగుకు తిరిగి ఉంటే ఫంగస్‌ను అనుమానించాలి.

మూడోది నీటి పొక్కుల రకం. అరికాలి వంపులో, పాదం పక్కన ఉన్నట్టుండి చిన్న చిన్న పొక్కులు లేచి విపరీతంగా దురద పెడతాయి. నాలుగోది పుండ్ల రకం. వేళ్ల సందులు చెడిపోయి, రసి కారి, వాసన వస్తుంది. ఫంగస్‌తో పాటు బ్యాక్టీరియా కూడా చేరినప్పుడు ఇలా అవుతుంది, దీనికి ఇంటి చికిత్స చాలదు.

ఇది ఫంగస్ కాకుండా ఇంకేదైనా కావచ్చా?

కావచ్చు, తరచూ అవుతుంది కూడా. ఎరిత్రాస్మా అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ వేళ్ల సందుల్లో అచ్చం ఇలాగే ఉంటుంది. డాక్టర్ వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వెలుగులో చూస్తే పగడపు ఎరుపులో మెరుస్తుంది. అరికాలి మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు, దుర్వాసన ఉంటే అది పిటెడ్ కెరటోలైసిస్, అదీ బ్యాక్టీరియాదే. సందుల్లో ఆకుపచ్చ ఛాయ కనిపిస్తే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. బూటులోని రబ్బరు, జిగురు, తోలు రంగు పడక వచ్చే ఎలర్జీ ఎక్కువగా పాదం పైభాగంలో వస్తుంది, వేళ్ల సందులను వదిలేస్తుంది. సోరియాసిస్, ఎగ్జిమా కూడా అరికాలిని దట్టం చేస్తాయి.

తేల్చుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. చర్మం అంచు నుంచి కాస్త పొట్టు గీకి, దానిపై 10 నుంచి 20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వేసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. చర్మకణాలు కరిగి, ఫంగస్ దారాలు కొమ్మలు చీలుతూ కనిపిస్తాయి. దీన్ని కేఓహెచ్ పరీక్ష అంటారు, ఫలితం అక్కడికక్కడే చెప్పవచ్చు. ల్యాబ్‌లో ఫంగస్‌ను పెంచి చూసే కల్చర్ పరీక్షకు వారాలు పడుతుంది, కానీ ఏ ఫంగస్ అన్నది అందులోనే తెలుస్తుంది. అప్పటికే యాంటీఫంగల్ క్రీమ్ రాసి ఉంటే పరీక్షలో ఫంగస్ దొరకకపోవచ్చు. కాబట్టి వాడిన మందులన్నీ డాక్టర్‌కు ముందే చెప్పండి.

ఎలా అంటుకుంటుంది?

రాలిన పొట్టు ద్వారా. ఫంగస్ ఉన్న వ్యక్తి చెప్పులు లేకుండా నడిచిన తడి నేల, స్నానాల గది, ఈత కొలను గట్టు, తివాచీ, పంచుకున్న టవల్, ఇంకొకరి సాక్సులు, బూట్లు ఇవన్నీ దారులే. ఆ పొట్టులోని ఫంగస్ బీజాలు నెలల తరబడి బతికే ఉంటాయి. అయితే బీజం తగిలినంత మాత్రాన జబ్బు రాదు. చెమ్మ, ఇరుకు, చర్మంలో చిన్న పగులు తోడైతేనే వేళ్లూనుతుంది. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్ల పాదాలూ, గోళ్లూ చూడాలి. ఒక్కరికే చికిత్స చేస్తే ఇంకొకరి నుంచి తిరిగి వచ్చేస్తుంది. యుక్తవయసు రాని పిల్లల్లో ఇది తక్కువ.

ఏ క్రీమ్ వాడాలి, ఎన్ని రోజులు?

వేళ్ల సందులకు మొదట ఎంచుకోదగ్గది టెర్బినాఫైన్ 1 శాతం క్రీమ్. రోజుకు ఒకటి లేదా రెండు సార్లు, 1 వారం. అరికాలికి, పాదం పక్కలకు అయితే రెండు పూటలా 2 వారాలు. ఇది ఫంగస్‌ను చంపే మందు, ఆపేశాక కూడా కొన్ని రోజులు చర్మంలో నిలిచి పనిచేస్తుంది. అందుకే గడువు తక్కువ.

క్లోట్రిమజోల్ 1 శాతం, మైకోనజోల్ 2 శాతం కూడా పనిచేస్తాయి. అయితే ఇవి ప్రధానంగా ఫంగస్ పెరుగుదలను ఆపే మందులు, కాబట్టి రెండు పూటలా 4 వారాలు రాయాలి. లులికొనజోల్ 1 శాతం రోజుకు ఒకసారి, 2 వారాలు. టోల్నాఫ్టేట్ కూడా 4 వారాల మందే.

నిస్టాటిన్ మాత్రం కొనకండి. అది క్యాండిడా అనే వేరే రకం ఫంగస్‌కు పనికొస్తుంది, తామర ఫంగస్ మీద పనిచేయదు.

ఎంత రాయాలి, ఎలా రాయాలి?

పాదం కడిగి, సందులతో సహా పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద రాస్తే మందు పలచబడుతుంది, చెమ్మ లోపలే చిక్కుకుంటుంది. మచ్చ కనిపించే చోటే కాకుండా చుట్టూ 2 సెంటీమీటర్ల మేర ఆరోగ్యంగా ఉన్న చర్మానికీ రాయాలి, ఎందుకంటే ఫంగస్ ముందుకు పాకేది అంచుల్లోనే. ఒక్క సందులోనే కనిపించినా, రెండు పాదాల్లోని అన్ని సందులకూ రాయడం మేలు.

కొలతకు సులువైన పద్ధతి ఒకటి ఉంది. ట్యూబ్ నుంచి చూపుడు వేలి కొన మొదలుకుని మొదటి గీత వరకు పిండితే దాదాపు అర గ్రాము. ఒక పాదం మొత్తానికి అలాంటివి రెండు, అంటే 1 గ్రాము కావాలి. వేళ్ల సందులకే అయితే అందులో సగం కూడా చాలు. ఈ లెక్కన రెండు పాదాలకూ రెండు పూటలా రాస్తే రోజుకు 4 గ్రాములు. 15 గ్రాముల ట్యూబ్ నాలుగు రోజుల్లోపే అయిపోతుంది. అరికాలి రకం ఉన్నవాళ్లు ఒక్క ట్యూబ్‌ను నెలంతా సాగదీస్తే మందు పనిచేయలేదని అనిపిస్తుంది, నిజానికి అది తగినంత పడనేలేదు.

సందుల్లో ముద్దగా వదిలేయకుండా చర్మంలోకి ఇంకేలా రుద్దాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

నాలుగు రోజులకే దురద పోయింది. ఆపేయొచ్చా?

వద్దు. మళ్లీ మళ్లీ రావడానికి ప్రధాన కారణాల్లో ఇదొకటి. దురద వాపు వల్ల వస్తుంది, వాపు త్వరగా తగ్గుతుంది. ఫంగస్ దారాలు మాత్రం పొట్టులో ఇంకా ఉంటాయి. చెప్పిన గడువు పూర్తిచేయాలి. క్లోట్రిమజోల్, మైకోనజోల్ లాంటివి చర్మం బాగైనట్టు కనిపించాక కూడా ఇంకో 1, 2 వారాలు కొనసాగించాలి.

దురద వెంటనే తగ్గాలని స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ ఇచ్చారు. వాడొచ్చా?

దీని గురించి గట్టిగానే చెప్పాలి. క్లోబెటాసోల్, బీటామెథసోన్ లాంటి బలమైన స్టెరాయిడ్‌లు రాసిన రెండు రోజుల్లో ఎరుపు, దురద మాయమవుతాయి. జబ్బు తగ్గిందనుకుంటారు. వాస్తవంలో అవి ఆ చోట ఉన్న కాస్త రక్షణను కూడా ఆపేస్తాయి, ఫంగస్ నిశ్శబ్దంగా పాకుతుంది. ఆపగానే ముందుకంటే ఎక్కువగా తిరిగొస్తుంది, మళ్లీ అదే క్రీమ్ రాస్తారు. కొంతకాలానికి మచ్చ రూపమే మారిపోయి డాక్టర్ కూడా గుర్తుపట్టలేని స్థితికి చేరుతుంది. దీనికి టీనియా ఇన్‌కాగ్నిటో అని పేరు. చర్మం పలచబడుతుంది, గజ్జల్లో రాస్తే చారలు పడతాయి.

ట్యూబ్ మీద క్లోట్రిమజోల్ పేరు పెద్దగా ఉన్నా, కింద చిన్న అక్షరాల్లో ఇంకేముందో చదవండి. "సోన్", "సోల్" అని ముగిసే పేర్లు కనిపిస్తే ఆగి అడగండి. అయితే "జోల్" అని ముగిసేవి యాంటీఫంగల్స్, వాటితో కలగాపులగం చేసుకోవద్దు. స్టెరాయిడ్ కలిసినది ఇప్పటికే చాలాకాలంగా వాడుతుంటే, ఉన్నట్టుండి ఆపే ముందు చర్మ వైద్యుడిని కలవండి.

సందుల్లో రసి కారుతోంది. క్రీమ్ నిలవడం లేదు. ఏం చేయాలి?

ముందు ఆరబెట్టడం, తర్వాతే పూత. రసి కారే చర్మానికి పొటాషియం పర్మాంగనేట్ నీళ్లు 1:10,000 బలంలో వాడతారు. అంటే 10 లీటర్ల నీటికి 1 గ్రాము. 400 మిల్లీగ్రాముల బిళ్ల అయితే 4 లీటర్లకు ఒకటి. నీళ్లు లేత గులాబీ రంగులో ఉండాలి, ముదురు ఊదా అయితే చర్మం కాలుతుంది. స్ఫటికాలు పూర్తిగా కరిగాకే పాదం పెట్టాలి, కరగని గింజ చర్మానికి తగిలినా కాలుస్తుంది. 10 నుంచి 15 నిమిషాలు చాలు. గోళ్లు గోధుమ రంగుకు తిరగకుండా ముందుగా వాటికి వాజిలిన్ పూయండి. బిళ్లలను పిల్లలకు అందకుండా పెట్టండి, మింగితే ప్రాణాపాయం. రసి ఆగగానే ఈ స్నానం మానేయాలి, కొనసాగిస్తే చర్మం ఎండి పగులుతుంది.

చీము, వాసన, నొప్పి ఉంటే డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. యాంటీబయాటిక్ అవసరం కావచ్చు.

మాత్రలు ఎప్పుడు అవసరం?

అరికాలంతా దట్టమైనప్పుడు, సరిగ్గా రాసినా క్రీమ్ పనిచేయనప్పుడు, గోళ్లకు పాకినప్పుడు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నప్పుడు. సాధారణంగా పెద్దవాళ్లకు టెర్బినాఫైన్ 250 మిల్లీగ్రాములు రోజుకు ఒకటి, 2 వారాలు లేదా అంతకంటే ఎక్కువ ఇస్తారు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇది ఇవ్వకూడదు. కొందరికి నాలుక రుచి కొన్నాళ్లు పోతుంది. ఇట్రాకొనజోల్ ఇంకో దారి. గుండె వైఫల్యం ఉన్నవాళ్లు దాన్ని వాడకూడదు, కొలెస్ట్రాల్ మందుల్లో సిమ్వాస్టాటిన్‌తో కలిపి తీసుకోకూడదు. ఇతరుల చీటీ చూసి ఈ మాత్రలు కొనుక్కోవడం ప్రమాదం.

దట్టమైన అరికాలికి మాత్రలతో పాటు, లేదా క్రీమ్‌తో పాటు, యూరియా లేదా సాలిసిలిక్ ఆమ్లం ఉన్న లేపనం వాడితే పొట్టు మెత్తబడి మందు లోపలికి దిగుతుంది. పగుళ్లు ఉన్న చోట అది మండుతుంది.

బొటనవేలి గోరు పసుపుగా, దట్టంగా అయింది. దాన్నీ పట్టించుకోవాలా?

తప్పకుండా. గోటి కింద ఫంగస్ ఉన్నంతకాలం పాదానికి విత్తనాల గాదె అక్కడే ఉన్నట్టు. క్రీమ్ గోటిలోకి దిగదు. కాలి గోళ్లకు టెర్బినాఫైన్ మాత్రలు మామూలుగా 12 వారాలు. ఆ తర్వాత కూడా పాత గోరు పూర్తిగా బయటికి పెరిగి పోవడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది, అప్పటిదాకా చూడ్డానికి బాగుండదు. అందువల్ల మందు పనిచేయలేదని అనుకోవద్దు. మొదట్లో గోటి మొదలు దగ్గర స్వచ్ఛమైన కొత్త గోరు వస్తోందా లేదా అన్నది చూడాలి. చెడ్డ గోరన్నదల్లా ఫంగస్ కాదు, దెబ్బ వల్లా, సోరియాసిస్ వల్లా ఇలాగే అవుతుంది. కాబట్టి మూడు నెలల మాత్రలు మొదలుపెట్టే ముందు గోటి ముక్కను పరీక్ష చేయించడం న్యాయం.

రోజూ పాదాలను ఎలా చూసుకోవాలి?

స్నానం చేశాక చాలామంది పాదం పైభాగం తుడిచి వదిలేస్తారు. చేయాల్సింది వేరే. ఒక్కో వేలిని పక్కకు లాగి, సందులో టవల్ అంచు పెట్టి, రుద్దకుండా అద్దాలి. ఎనిమిది సందులకు నిమిషం కూడా పట్టదు. చిటికెన వేలి సందు మరీ బిగుతుగా ఉంటే మెత్తటి గుడ్డ పీలికతోనో, చల్లటి గాలి వచ్చే హెయిర్ డ్రయర్‌తోనో ఆరబెట్టవచ్చు. పాదం స్పర్శ తగ్గినవాళ్లు డ్రయర్ వేడి వాడకూడదు.

పాదాలకు వేరే టవల్ పెట్టుకోండి. ఒకే టవల్ అయితే పాదాలను చివర తుడవండి. దుస్తులు వేసుకునేటప్పుడు సాక్సులు ముందు, లోదుస్తులు తర్వాత. పాదం లోదుస్తు కాళ్లలోంచి దూరినప్పుడు ఫంగస్ దానికి అంటి గజ్జలకు చేరుతుంది, ఈ చిన్న వరుసతో అది ఆగుతుంది.

చెమట విపరీతంగా పట్టేవాళ్లకు 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం రాత్రి పూట పొడి పాదానికి రాయమని చెబుతారు. పగిలిన చర్మం మీద రాస్తే మండుతుంది, అందుకే ముందు ఇన్ఫెక్షన్ తగ్గించుకోవాలి.

సాక్సులు, బూట్ల సంగతేమిటి?

సాక్సులు రోజూ మార్చాలి, తడిస్తే రోజుకు రెండుసార్లు. 60 డిగ్రీల సెల్సియస్ వేడి నీళ్లలో ఉతికితే ఫంగస్ చస్తుంది. 30, 40 డిగ్రీల్లో కొన్ని బీజాలు బతికి బయటపడతాయి, అదే మెషిన్‌లోని వేరే దుస్తులకూ అంటుతాయి. నూలు చెమటను పీల్చుకుంటుంది గానీ తడిని పట్టి ఉంచుతుంది. బాగా చెమట పట్టేవాళ్లకు తడిని బయటికి పంపే క్రీడా సాక్సులు మేలు.

ఒకే జత బూట్లు రోజూ వేసుకోవద్దు. లోపలి చెమ్మ ఒక్క రాత్రిలో ఆరదు. రెండు జతలు మార్చి మార్చి వాడండి, లోపలి మెత్తను బయటికి తీసి ఆరబెట్టండి. చికిత్స మొదలుపెట్టిన రోజు నుంచే బూట్లలో యాంటీఫంగల్ పొడి చల్లడం మంచిది. ముందుభాగం వెడల్పుగా ఉన్న బూట్లు ఎంచుకోండి, వేళ్లు విప్పారి ఉండాలి.

ఈత కొలనుకు, జిమ్‌కు వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ స్నానాల గదిలో, బట్టలు మార్చుకునే చోట చెప్పులు వేసుకునే నడవాలి. అది మీకూ, ఎదుటివాళ్లకూ రక్షణ. పచ్చి పుండ్లు ఉన్నన్నాళ్లు ఈత మానేయండి.

వెల్లుల్లి, నిమ్మరసం, వెనిగర్, టీ ట్రీ నూనె పనిచేస్తాయా?

పచ్చి వెల్లుల్లి నలిపి కడితే చర్మం బొబ్బలెక్కుతుంది. నిమ్మరసం, వెనిగర్ పగిలిన చర్మాన్ని మండించి, బ్యాక్టీరియాకు కొత్త తలుపు తెరుస్తాయి. టీ ట్రీ నూనెకు కొంత ఫంగస్ వ్యతిరేక గుణం ఉంది, కానీ ఎలర్జీ తెచ్చే గుణమూ ఉంది. వారంలో నయం చేసే క్రీమ్ దొరుకుతుండగా వీటితో నెలలు పోగొట్టుకోవడం మాకు సమ్మతం కాదు. పాతకాలపు మందుల్లో విట్‌ఫీల్డ్ ఆయింట్‌మెంట్ మాత్రం నమ్మదగ్గదే. అందులో 6 శాతం బెంజోయిక్ ఆమ్లం, 3 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉంటాయి. దట్టమైన అరికాలికి పనికొస్తుంది, పచ్చి సందులకు వద్దు.

ఒక అరచేయి కూడా పొట్టు లేస్తోంది. సంబంధం ఉందా?

రెండు పాదాలు, ఒక చేయి అన్నది ఈ ఫంగస్‌కు బాగా తెలిసిన రూపం. పాదాన్ని గోకే చేతికే తరచూ అంటుతుంది. చేతికీ అదే చికిత్స. అయితే పాదంలో ఇన్ఫెక్షన్ ముదిరినప్పుడు రెండు చేతుల వేళ్లకూ దురద పెట్టే నీటి పొక్కులు వస్తే, అది వేరు. చేతుల్లో ఫంగస్ ఉండదు, శరీరం చూపే ఎలర్జీ లాంటి స్పందన అది. పాదం తగ్గితే చేతులూ తగ్గుతాయి.

షుగర్ ఉంది. నాకు ప్రత్యేక జాగ్రత్తలు ఉన్నాయా?

ఉన్నాయి. వేళ్ల సందులోని చిన్న పగులే కాలిలోకి బ్యాక్టీరియా దిగే దారి. కాలు ఎర్రబడి, వాచి, వేడెక్కే సెల్యులైటిస్ చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు స్పర్శ తగ్గి నొప్పి తెలియకపోవచ్చు, రక్తప్రసరణ తగ్గి పుండు మానకపోవచ్చు. రోజూ అద్దం సాయంతోనో, ఇంకొకరి సాయంతోనో సందులు, అరికాలు చూడాలి. క్రీమ్‌ను సొంతంగా మొదలుపెట్టకుండా డాక్టర్‌కు చూపించండి. కాళ్లలో లింఫ్ ద్రవం నిలిచి వాపు ఉన్నవాళ్లకు, ఒకసారి సెల్యులైటిస్ వచ్చినవాళ్లకు కూడా ఇదే మాట.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు?

క్లోట్రిమజోల్, మైకోనజోల్ పూతలను సాధారణంగా సురక్షితంగా భావిస్తారు. మాత్రల చికిత్స ప్రసవం, పాలివ్వడం అయ్యేదాకా ఆగగలదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లు మాత్రం మైకోనజోల్ మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాలి, అది రక్తం పలచబడే ప్రభావాన్ని పెంచగలదు.

వెంటనే డాక్టర్‌ను ఎప్పుడు కలవాలి?

జ్వరం, కాలి మీదుగా పైకి పాకే ఎర్రటి గీత, వాపు, చీము, నడవలేనంత నొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు. 2 వారాలు సరిగ్గా క్రీమ్ రాసినా ఏ మార్పూ లేకపోతే ఆ వారంలో. టెర్బినాఫైన్‌కు లొంగని ఫంగస్ రకాలు ఇప్పుడు కనిపిస్తున్నాయి, అలాంటప్పుడు అదే మందును ఇంకో నెల పొడిగించడం దండగ.

పూర్తిగా నయమైందని ఎలా తెలుసుకోవాలి?

సందులోని చర్మం మూసుకుని, పక్క చర్మం లాగే నునుపుగా, పొడిగా ఉండాలి. వేలితో నొక్కి లాగినా పొట్టు లేవకూడదు. రంగు కాస్త నల్లగానో, ఎర్రగానో కొన్ని వారాలు ఉండిపోవచ్చు, అది మచ్చే తప్ప జబ్బు కాదు. మందు ఆపిన నాలుగు వారాల తర్వాత ఒకసారి మంచి వెలుతురులో ఎనిమిది సందులూ, పది గోళ్లూ చూసుకోండి. పొట్టు మళ్లీ మొదలైతే ఏమీ రాయకుండా వెళ్లి కేఓహెచ్ పరీక్ష చేయించుకోండి.